కుక్క ఏడిస్తే...

2015 మొదలు కొన్నేళ్లపాటు మా ఉదయగిరిలో, అటు వరికుంటపాడు, వింజమూరు వైపూ భూమి చిన్నచిన్నగా అదురుతూనే వచ్చింది. అదిరినప్పుడల్లా అందరం వీధిలో పడేవాళ్లం. అసలు చర్చ ఆ తరవాత.

"కుక్క ఏడవంగానే అనుకుంటి" అనేవారు మా అత్తగారు. మా వీధి కుక్క ఏడవని రాత్రేదో చెప్పమనండి! భూమి కదలని రాత్రుల ఏడుపు ఎవరూ లెక్క రాయరు కదా.

అలాగని కొట్టిపారేయడానికీ లేదు. చైనాలోని హైచెంగ్‌లో చలికాలంలో పాములు బయటికొచ్చాయట. అంతకన్నా ముఖ్యం, వరసగా చిన్న అదుర్లు వచ్చాయి. 1975 ఫిబ్రవరి 4న జనాన్ని ఇళ్లలోంచి బయటికి పంపారు, సాయంత్రం భూకంపం వచ్చింది. వేలమంది బతికిపోయారు. మరుసటేడే తాంగ్షాన్‌లో ఏ కబురూ అందక 2,40,000 మందికి పైగా పోయారు.

నాకు మాత్రం మహారాష్ట్రలోని కిల్లారి తలుచుకుంటేనే గుండె దడ. అక్కడా 1992లో చిన్న అదుర్లే. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున పెద్దది వచ్చి, మట్టితో కట్టిన రాతిగోడలు కూలి, దాదాపు 10,000 మంది నిద్రలోనే పోయారు. మరి మావి దేనికి సూచన? పెద్దది వచ్చాకే గానీ చిన్నవి దాని ముందు నడిచాయని తేలదు. రోజూ వేళా చెప్పే విద్య ఇంకా ఎవరికీ పట్టుబడలేదు.

వాకిట్లో మంచం వేసుకుంటానన్నారు అత్తగారు. ఎన్నాళ్లని? తేళ్ల కాలం. నేను అటక మీది ఇత్తడి బిందెలు దించేసి, పడగ్గది రాతిగోడ చూడమని మేస్త్రీకి కబురంపాను. ఆదివారం వస్తానన్నాడు. ఏ ఆదివారమో చెప్పలేదు.