సీజన్ అయినంక

నిజామాబాద్ జిల్లా బోధన్ ప్రాంతంలో కాలాన్ని లెక్కగట్టే మాటలకు కొదవలేదు. రైతుకు కార్తెలున్నాయి, అయ్యగారికి తిథులున్నాయి, దఫ్తర్‌లో తారీఖులున్నాయి. వీటన్నిటి మీదా పెత్తనం చేసింది మాత్రం ఒక ఇంగ్లిషు మాట. "ఇప్పుడు చేతిల లేవు శేటు, సీజన్ అయినంక ఇస్త" అంటే కిరాణా శేటు మారుమాట లేకుండా ఖాతా పుస్తకంలో రాసుకునేవాడు. ఏ సీజనని అడిగే పనే లేదు. చెరుకు ఆడే నాలుగైదు నెలలే సీజన్.

తెలుగులో ఈ మాట తిరగని చోటు లేదు. మామిడిపండ్లకు సీజన్, పెళ్లిళ్లకు సీజన్, అయ్యప్ప మాలలకు సీజన్. నాలుగు వానలు పడితే దవాఖానల్లో సీజన్ జ్వరాలు. రోజూ రైలెక్కే ఉద్యోగి జేబులో సీజన్ టికెట్. పిల్లలు ఫోనులో చూసే కథకు మూడో సీజన్. బట్టల దుకాణదారు "ఈసారి సీజన్ లేదన్నా" అన్నాడంటే ఎండావానల గురించి కాదు, జనం చేతిలో పైసలు ఆడటం లేదని. మనకు ఆరు ఋతువులుండగా ఈ మాట ఎందుకు అక్కరకొచ్చిందో నాకు ఇక్కడే అర్థమవుతుంది. ఋతువు పంచాంగం చెప్పినట్టు తనంతట తాను వస్తుంది. సీజన్‌ను మనుషులు తెచ్చుకోవాలి. మావిడి పూస్తే వసంతం వచ్చినట్టే. కాయ తెంపి, బండికెత్తి, మార్కెట్లో బేరం కుదిరితేనే సీజన్ వచ్చినట్టు.

ఆ మాట మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ దాని అర్థం విత్తడం. ఫ్రాన్సు మీదుగా ఇంగ్లండు చేరేసరికి చలి, ఎండల లెక్క అయింది. మన జిల్లాకొచ్చి మళ్లీ చేనులోకి దిగింది.

చెరుక్కు సీజన్ ఎందుకుండాలో గడలోనే ఉంది. చలి రాత్రులు మొదలైతే గడ పెరగడం మందగించి చక్కెర కూడుతుంది. ఎండలు ముదిరితే ఆ చక్కెర మళ్లీ తగ్గుతుంది. అందుకే నవంబరు నుంచి మార్చి దాకా ఆడాలి. నరికిన గడ ఒక రోజు దాటితే బరువూ తగ్గుతుంది, చక్కెరా విరుగుతుంది. కటింగ్ ఆర్డర్ వచ్చిందాకా కొడవలి పెట్టొద్దు, వచ్చాక ఆగొద్దు. నరికేవాళ్లు, బండ్లు, కాటా, గానుగ, బాయిలర్ ఒకదాని వెంట ఒకటి నడవాలి. ఏ ఒక్కటి ఆగినా మిగతావన్నీ ఆగుతాయి. ఊరు ఊరంతా ఒకే లయలో పనిచేసే కాలమది.

ఆ లయను నిలబెట్టింది నీళ్లు, యంత్రాలు. మంజీరా మీద నిజాంసాగర్ కట్ట 1931లో పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ పుట్టిన ఊరికి శక్కర్‌నగర్ అనే పేరే పెట్టారు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చెప్పుకునేవారు.

ఫ్యాక్టరీలో రెండు రకాల నౌకరీలుండేవి: పర్మనెంట్, సీజనల్. సంబంధం చూడవచ్చినవాళ్లు పిల్లగాడి గురించి మొదట అడిగేది అదే. చక్కెర మిల్లుల్లో సీజనల్ కార్మికుడికి ఖాళీ నెలల్లో జీతంలో కొంత భాగం ఇచ్చే పద్ధతి ఉంది, వచ్చే సీజన్‌కు తిరిగి రావాలని. దీన్ని నేను చిన్న విషయం అనుకోను. పని లేని కాలంలోనూ నువ్వు మావాడివే అని మిల్లు మనిషితో చెప్పడమది. రైతుకూ అలాంటి హామీ కాగితం మీద ఉంది. 1966 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం చెరుకు అందిన 14 రోజుల్లో డబ్బు కట్టాలి. కిరాణా శేటు నమ్మకం ఈ రెంటి మీద నిలబడింది. ఫీజులు, పుస్తెలు, బోరుబావులు, అన్నీ సీజన్ పేరు మీదే వాయిదా పడ్డాయి, సీజన్ పేరు మీదే తీరాయి.

2002లో ప్రభుత్వం ఈ ఫ్యాక్టరీలో 51 శాతం వాటాను ప్రైవేటు భాగస్వామికి అప్పగించింది. 2015 డిసెంబరు 23న లేఆఫ్ ప్రకటించారు. డిసెంబరు అంటే గానుగ రాత్రింబవళ్లు తిరగాల్సిన నెల. బోధన్‌తోపాటు అదే కంపెనీ ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లూ ఆగాయి. అప్పటి నుంచి చలికాలం ఏటా వస్తూనే ఉంది, సీజన్ రాలేదు. చెరుకు వదలనివాళ్లు కామారెడ్డి వైపు మిల్లులకు తోలుతున్నారు. ఎక్కువమంది వరికి మళ్లారు. వరి తప్పు కాదు. కానీ వరి కోతకు మిషన్ వచ్చి ఒక పూటలో మడి ఖాళీ చేసి పోతుంది. నెలల తరబడి వందల ఇళ్లకు పని పంచే గుణం దానికి లేదు.

నిజామాబాద్ పట్నంలో మాత్రం ఇంకో సీజన్ బతికే ఉంది. ఫిబ్రవరి నుంచి మార్కెట్ యార్డు పసుపుతో నిండుతుంది. కొనేవాడు కుప్పలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరుస్తాడు. విరిగిన చప్పుడును బట్టి ఎండిందో లేదో, లోపలి రంగును బట్టి రేటెంతో అప్పుడే తేలిపోతుంది. ఏళ్ల పోరాటం తర్వాత 2025లో జాతీయ పసుపు బోర్డు ఇక్కడికే వచ్చింది. అడగ్గా అడగ్గా పసుపు రైతుకు దక్కినట్టే చెరుకు రైతుకూ దక్కాలి.

ఫ్యాక్టరీని తిరిగి తెరిచే దారి చూడమని 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. తెరుస్తామంటే సరిపోదు, ఏ సీజన్‌కు తెరుస్తారో చెప్పాలి. చెరుకు పది పన్నెండు నెలల పంట. నవంబరులో గానుగ తిరగాలంటే అంతకుముందు చలికాలానికే రైతు దుక్కి సిద్ధం చేసుకోవాలి. నాటే ముచ్చెలు నిలిచి ఉన్న తోటలోంచే రావాలి. తోటలే లేని ఊళ్లకు అవి ఎక్కడి నుంచి తేవాలో ముందే తేల్చాలి. పాకం మరిగే పాన్‌లోంచి చుక్క తీసి, గాజుపలక మీద పూసి, వెలుతురుకు పట్టి పలుకు ఎంత కట్టిందో కంటితో చెప్పగల పనివాళ్లు ఇంకా కొందరు శక్కర్‌నగర్‌లో ఉన్నారు. వాళ్లు ఉండగానే కొత్తవాళ్లను పక్కన నిలబెట్టాలి. సీజన్ తారీఖు ఒక ఏడాది ముందు బయటపెడితే ఇవన్నీ సాధ్యమే. బ్యాంకు కంటే ముందు, ఆ తారీఖును నమ్మి అప్పు రాసుకోవడానికి కిరాణా శేటే సిద్ధంగా ఉంటాడు.