పీటల కోసం బ్యాండ్ సా

బ్యాండ్ సా కొంటున్నానని చెప్తే ప్రతివాళ్ళూ ముందడిగేది "మోటారు ఎన్ని హెచ్‌పీ?" అని. ఆ సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది దాంతో ఏం కొయ్యబోతున్నాం అన్నది. నా మటుకు నాకు అందులో సందేహం లేదు. రెండు టేకు దూలం ముక్కలు, ఒక్కోటి 3 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం. అవి పాడైతే మళ్ళీ అలాంటివి ఎక్కణ్ణుంచీ రావు.

ఆ దూలం కోనసీమలో మా తాతయ్యగారి మండువా లోగిలిది. ఇల్లు విప్పినప్పుడు తలుపులూ స్తంభాలూ ఎవరెవరో కొనుక్కుపోయారు. ఈ ఒక్క దూలాన్ని మాత్రం మా నాన్నగారు అమ్మనివ్వలేదు. వాన నీటికి పాడైన చివర్లు తీయించేసి, గట్టిగా ఉన్నంత మేర రెండు ముక్కలు చేయించి బెంగుళూరు తెప్పించారు. భద్రాచలం ఏజెన్సీలో కొట్టి, తెప్పలు కట్టి, గోదావరి మీద రాజమండ్రి దింపిన టేకు అని తాతయ్య చెప్పేవారట.

తాతయ్యకి ఏడుగురు సంతానం. నలుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఒక్కళ్ళూ ఇప్పుడు ఆ ఊళ్ళో లేరు. పోయినేడు అందరూ మాట్లాడుకుని ఒక మాట అనుకున్నారు. ఆ దూలంతో ఇంటికొక జత పెళ్ళి పీటలు చేయించాలి, మనవల పెళ్ళిళ్ళు వాటి మీద జరగాలి. చేసేది ఎవరంటే, శని ఆదివారాలు కర్రపనితో కాలక్షేపం చేసే నేను. మా పెద్దత్తయ్య ఫోన్లో "ఏరా అబ్బాయ్, రెండు పీటలు కొట్లో దొరక్కపోవురా. ఆ దూలం కింద నేను పీటలెక్కాను, అదీ నా సంగతి" అంది. ఆ తర్వాత ఇక వెనక్కి తగ్గే ప్రశ్నే లేదు.

ఏడు జతలంటే 14 పీటలు. 3 అడుగుల పలకని మధ్యకి కోసి, రెండు ముక్కల్నీ పక్కపక్కన అతికిస్తే ఒక పీట. కాబట్టి 14 పలకలు, అంటే ఒక్కో దూలం ముక్కలోంచి 7. ఇక్కణ్ణుంచి లెక్కంతా మిల్లీమీటర్లలోనే. 6 అంగుళాలంటే దాదాపు 150 మిల్లీమీటర్లు. రెండు పక్కలా పట్టిన మసి, సున్నం పోయేలా చిత్రిక పడితే 146 మిగులుతుంది. కోసిన పలక 19 మిల్లీమీటర్లు ఉంటే నున్న చేశాక 16 నిలుస్తుంది. 7 పలకలకి 133 పోగా ఇంక మిగిలేది 13. ఆరు కోతలూ ఆ 13 లోనే అవ్వాలి.

గుండ్రటి బ్లేడుండే సర్క్యులర్ సా ఒక్కో కోతకి సుమారు 3 మిల్లీమీటర్ల కలపని పొట్టు చేస్తుంది. ఆరు కోతలకి 18, అంటే ఆరు పలకలే వస్తాయి. పైగా మనబోటివాళ్ళ దగ్గరుండే ఆ రంపాలకి 8 అంగుళాల లోతు అందదు కూడా. బ్యాండ్ సా పట్టీ సన్నటిది. ఒంకరా టింకరా కలుపుకున్నా కోతకి ఒకటిన్నర వేసుకోవచ్చు. ఆరింటికి 9. ఏడు పలకలూ వస్తాయి. రెండు ముక్కల్లోనూ ఒక్కో పలక తగ్గితే ఒక జత పోయినట్టు. ఏడుగురిలో ఎవరికి లేదని చెప్పను?

సామిల్లులో కోయించొచ్చు కదా అంటారు. అడిగాను. పాత ఇంటి కలప అనగానే వాళ్ళు దణ్ణం పెట్టేస్తారు. లోపల చీలలుంటాయి, ఒక్కటి తగిలినా అంత వెడల్పు బ్లేడు పళ్ళూ పోతాయి. వాళ్ళ భయం న్యాయమైనదే. పైగా ఆ బ్లేడు మందమూ ఎక్కువే, నాకు కావాల్సిన లెక్క కుదరదు.

ఇక మిషన్ల విషయం. 10 అంగుళాలు, 14 అంగుళాలు అని చెప్పేది చక్రం వ్యాసం. దాన్ని బట్టి తెలిసేది బ్లేడుకీ పక్కనున్న స్తంభానికీ మధ్య ఎంత వెడల్పు పలక పడుతుందో. నాకు కావాల్సింది ఇంకో కొలత, బల్ల మీద ఎంత ఎత్తు కలపని నిలబెట్టి కోయొచ్చో అది. కొట్లల్లో చాలామంది ఈ రెండో అంకె అడిగితే గానీ చెప్పరు. బల్ల మీద పెట్టుకునే చిన్న మిషన్లకి ఈ ఎత్తు 3, 4 అంగుళాలే. పాత నమూనా 14 అంగుళాల పోత ఇనుము మిషన్లకి 6 అంగుళాలు. వాటికి స్తంభం మధ్యలో 6 అంగుళాల దిమ్మ ఒకటి బిగించి 12కి పెంచుకునే వీలుంది, కానీ అప్పుడు బ్లేడు పొడవు 93.5 అంగుళాల నుంచి 105కి మారిపోతుంది. అదీగాక స్తంభం మధ్యలో అతుకు ఉండటం నాకంత నచ్చలేదు. బ్లేడుని బిగించి లాగినప్పుడు స్తంభం పిసరంత వంగినా కోత మెలికలు తిరుగుతుంది. ఉక్కు రేకుతో ఒకే పెట్టెలా వెల్డింగు చేసిన 14 అంగుళాల మిషన్లలో 10 అంగుళాల ఎత్తు మామూలుగానే ఇస్తున్నారు.

ఫర్నిచర్ షాపుల వాళ్ళు వాడే పెద్ద చక్రాల మిషన్లు చూస్తే నోరూరుతుంది. కానీ వాటికి త్రీ ఫేజ్ కరెంటు కావాలి, దింపడానికి మనుషులు కావాలి, నిలబెట్టడానికి గది కావాలి. నాది కారు పెట్టాల్సిన చోటు. కారు రోడ్డు మీద నిలబడుతోంది, దాని గురించి మా ఆవిడ విడిగా రాస్తుందేమో.

మనముండే ఊరు గురించి ఒక మాట. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్, ఆర్.కె. బాళిగా గారి నాయకత్వంలో, కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల్లో 332 ఎకరాలతో మొదలుపెట్టింది ఈ ఎలక్ట్రానిక్ సిటీని. ఆ పేరుకి తగ్గట్టే ఇక్కడ కంప్యూటరు సామాను అడుగుకొకటి దొరుకుతుంది, మంచి టేకు పలక కావాలంటే ఊరంతా తిరగాలి. మిషన్లకి, బ్లేడ్లకి ఎస్.జె.పి. రోడ్డే గతి. 2025 ఆగస్టులో మెట్రో యెల్లో లైన్ వచ్చాక ఆ తిప్పలు కొంచెం తగ్గాయి. ఆర్.వి. రోడ్డు దాకా వెళ్ళి, అక్కడ గ్రీన్ లైన్ మారి కె.ఆర్. మార్కెట్‌లో దిగితే చాలు.

నాలుగు కొట్లు తిరిగినా తేలనిది, హోసూరు వైపు ఒక వడ్రంగి షాపులో పావుగంటలో తేలింది. ఆయనకి అక్కడి తెలుగు, నాకు గోదావరి తెలుగు. నేను హెచ్‌పీ గురించి అడుగుతుంటే నవ్వి "మిషనుదేముంది సార్, తిరగతానే ఉంటాది. కోసేది బ్లేడు గదా" అన్నాడు. తర్వాత తన మిషను మీదే చూపించాడు. ఒకే టేకు ముక్కని మొదట అంగుళానికి 10 పళ్ళున్న బ్లేడుతో, తర్వాత 3 పళ్ళున్న బ్లేడుతో కోశాడు. మొదటిది కాసేపటికే వాసన కొట్టి కలప నల్లబడింది. రెండోది మెల్లగా, తిన్నగా దిగిపోయింది. మందం ఎక్కువైనప్పుడు ప్రతి పన్నూ చాలా దూరం పొట్టు మోసుకుపోవాలి. పళ్ళ మధ్య సందు చాలకపోతే ఆ పొట్టు అక్కడే ఇరుక్కుని బ్లేడు వేడెక్కి పక్కకి తిరుగుతుంది. 8 అంగుళాల కలపలో 3 పళ్ళ బ్లేడన్నా ఒకేసారి 24 పళ్ళు లోపల ఉంటాయి. అవి చాలు.

టేకుతో ఇంకో చిక్కుంది. అందులో ఇసుక జాతి ఖనిజం, సిలికా, ఉంటుంది. మామూలు ఉక్కు బ్లేడు తొందరగా మొద్దుబారుతుంది. కార్బైడు పళ్ళది చాలా రోజులొస్తుంది, ధర మాత్రం ఎన్నో రెట్లు. నేను అరంగుళం వెడల్పు మామూలు బ్లేడ్లే మూడు తీసుకున్నాను. చీల తగిలే భయమున్న చోట ఖరీదైనది పెట్టడం దేనికి?

బ్లేడ్ల కొట్లో పొడవు చెప్తే చుట్టలోంచి కత్తిరించి, రెండు కొసలూ వెల్డింగు చేసి ఇస్తారు. అది చూస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 1809 నాటికే ఇంగ్లండులో విలియం న్యూబెరీకి బ్యాండ్ సా మీద పేటెంటు ఉంది. కానీ అతికిన చోట బ్లేడు తెగిపోతూ ఉండటంతో అది చాలాకాలం పనికి రాలేదు. 1846లో ఆన్ పోలిన్ క్రెపాన్ అనే ఫ్రెంచి మహిళ ఆ అతుకు నిలిచే పద్ధతికి పేటెంటు కోరింది, తర్వాత పారిస్‌లోని పెరాన్ కంపెనీ ఆ హక్కు కొనుక్కుంది. రంపాలు మగవాళ్ళ వ్యవహారం అనుకునే మా అమ్మాయికి ఈ కథ బాగా నచ్చింది.

కాబట్టి చివరికి తీసుకున్నది 14 అంగుళాల ఉక్కు ఫ్రేము మిషను, 10 అంగుళాల ఎత్తు, ఒకటిన్నర హెచ్‌పీ, సింగిల్ ఫేజ్. ఇంట్లో ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు సరిపోయింది. ఇంట్లో పిల్లలుంటే బ్యాండ్ సాలో ఇంకో సుఖం ఉంది. బ్లేడు కిందికే లాగుతుంది కాబట్టి బల్ల రంపంలాగా కలపని మన మీదికి విసరదు. వేలు పెడితే మాత్రం ఏ రంపమూ ఊరుకోదు. పొట్టుకి మాస్కు, పీల్చే మిషను రెండూ ఉండాల్సిందే. కర్ర పొట్టు ఊపిరితిత్తులకి మంచిది కాదు, టేకు పొట్టు కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా తెప్పిస్తుంది.

మీకు ఇలాంటి దూలాలేవీ లేకపోతే ఇంత మిషను అక్కర్లేదు. పిల్లలతో బొమ్మలు చేసుకోవడానికైతే చిన్నదే నయం. మైసూరు రోడ్డు మీద చన్నపట్నం వెళ్ళినప్పుడు అక్కడివాళ్ళు ఆలె మర అనే చెట్టు, మన ఏటికొప్పాక లక్క బొమ్మల అంకుడు కర్ర, రెండూ ఒకటే. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి అంతకన్నా తేలిక. అలాంటి మెత్తటి కలపకి పావంగుళం బ్లేడు పెడితే 5/8 అంగుళం వ్యాసార్థంలో వంపు తిరుగుతుంది, ఏనుగు తొండం దాకా తిప్పుకోవచ్చు.

మొదటి దూలం ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది. పక్కింటివాళ్ళ నిద్ర పాడవకుండా రెండింటికి ఆపి నాలుగింటికి మళ్ళీ మొదలుపెట్టాను. ఏడు పలకలూ వచ్చాయి. లోపలి రంగు చూసి మా నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఒక పలక తీసుకుని వాసన చూశారు.

రెండో ముక్కని పాత స్పీకరు అయస్కాంతంతో అంగుళం అంగుళం తడిమితే ఒక కొసకి 3 అంగుళాల దూరంలో అది అతుక్కుంది. పైకి ఏమీ కనపడదు. తల తెగి లోపల ఉండిపోయిన చీల. తవ్వి తీస్తే పలకలకి కంత పడుతుంది. అందుకని ఆ కొస 4 అంగుళాలు కోసేశాను. ఏడు పలకలూ వచ్చాయి గానీ పొడవు 36 కాదు, 32. అంటే ఏడు పీటలు 18 అంగుళాలవీ, ఏడు 16 వీ. మూడు పెద్ద జతలు, మూడు చిన్న జతలు, ఏడోది ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ.

పెద్దత్తయ్యకి ఫోన్ చేశాను. "పెళ్ళికొడుకు పీట పెద్దదీ, పెళ్ళికూతురి పీట చిన్నదీనా? ఆ జత ఎవరికిస్తావురా? అదేం కుదరదు, అన్నీ ఒక్కటే కొలత పెట్టెయ్" అంది.

దాంతో మొదటి ఏడు పలకలనీ 32కి తగ్గించాను. ఒక్కో పలకకి 4 అంగుళాల ముక్క మిగిలింది, 8 అంగుళాల వెడల్పుది. దాన్ని అటూ ఇటూ కోస్తే ఎనిమిది బిళ్ళలు, ఏడు ముక్కలకి 56. 14 పీటలకి నాలుగేసి కాళ్ళ చొప్పున సరిగ్గా 56. చివరి బిళ్ళ కోసేటప్పటికి మూడో బ్లేడు కూడా మొద్దుబారింది. ఈ శనివారం మళ్ళీ ఎస్.జె.పి. రోడ్డు వెళ్ళాలి.