మెరుస్తూనే పగిలే లోహం

'పైన పటారం, లోన లొటారం' అన్న సామెత మనుషుల్ని చూసి పుట్టింది కాబోలు. కెమికల్ ఇంజనీరింగ్ చదివే మనం దాన్ని స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా అన్వయించుకోవాలి.

మందుల పరిశ్రమ పెరిగిన హైదరాబాదులో పాత రియాక్టర్లకు గిరాకీ ఎక్కువ. జీడిమెట్లలో చిన్న యూనిట్ పెట్టాలనుకున్న మా బావ, నన్ను వెంటబెట్టుకుని పాతబస్తీలో చందూలాల్ బారాదరి దగ్గర ఒక షెడ్డుకు వెళ్ళాడు. అద్దంలా పాలిష్ పట్టిన 316 రకం రియాక్టరు. సగం ధరే! బావ అప్పుడే బ్యాంకు లోను లెక్కలు మొదలుపెట్టాడు.

ఇక్కడ కాస్త శాస్త్రం చెప్పుకోవాలి. ఈ స్టీలును కాపాడేది క్రోమియం వల్ల ఏర్పడే పల్చని ఆక్సైడు పొర. బోరునీళ్ళలోనో, తడిసిన ఇన్సులేషన్‌లోనో ఉండే క్లోరైడు ఆ పొరను ఛేదిస్తుంది. దానికి వెల్డింగు మిగిల్చిన లాగుడు, సాధారణంగా 60 డిగ్రీలు దాటిన వేడి తోడైతే లోహం అరగకుండానే చీలుతుంది. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్ పట్టణంలో ఈతకొలను పైకప్పు కూలి 12 మంది చనిపోయారు. దాన్ని మోసే స్టీలు కడ్డీలు ఇలాగే చీలాయి. అక్కడ అంత వేడి కూడా లేదు!

పాలిష్ చీలికల నోళ్ళు మూసేస్తుంది. అందుకని ఇన్సులేషన్ విప్పించి, పాలిష్ తగలని నాజిల్ అతుకు పక్కన శుభ్రం చేసి ఎర్రరంగు పూశాం. కాసేపాగి తుడిచి, తెల్లపొడి చల్లాం. చెట్టువేళ్ళలా ఎర్రగీతలు పైకొచ్చాయి.

"వెల్డింగు పెట్టిస్తే సరిపోదా చాచా?" అన్నాడు బావ.

షెడ్డులోని ముసలి వెల్డరు తల అడ్డంగా ఊపాడు. "రాగి గిన్నెకు కళాయి పోతే కండ్లకు కనబడతది బేటా. గిది మెరుసుకుంటనే పలుగుతది. వేడి తాకితే పగులు ఇంకా పారుతది. గా ముక్క కోసి తీసెయ్యాలె."

రంగు చీలిక పొడవు చెబుతుందే గాని లోతు చెప్పదు. ఎంత కోయాలో, ఇంకెక్కడ చీలిందో తేలాలంటే అల్ట్రాసోనిక్ పరీక్షలు కావాలి. ఆ ఖర్చు కలిపితే చవక చవక కాదు. పైగా రాత్రి షిఫ్టులో ఆ గోడ పక్కన నిలబడేది కూలికొచ్చిన కుర్రాడు. బావ లెక్కల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా తర్వాత వచ్చేవాడి సంగతేమిటని అడిగితే, చాచాయే పెయింటు తెచ్చి 'ప్రెషరుకు పనికిరాదు' అని రాశాడు.

మిత్రులారా, రేపు మనలో కొందరు ఇలాంటి పాత్రలకు సర్టిఫికెట్లు రాయవలసినవాళ్ళం. సంతకం పెట్టేముందు అందులో ఏం కాచారో, జాకెట్‌లో ఏ నీళ్ళు తిప్పారో అడగండి. మెరుపు ఆ సంగతి చెప్పదు.