జాబూ చావడీ

ఒకే వ్యసనం గల పదిమంది తమలో తాము మాటాడుకొనడానికి నాకు తెలిసి రెండే మార్గాలున్నవి. మాట మన యింటికి రావడం ఒకటి. మాట ఉన్నచోటికి మనం వెళ్ళడం రెండవది. మొదటిదానిని జాబు అనీ, రెండవదానిని చావడి అనీ నాలో నేను పిలుచుకొంటూ ఉంటాను. ఈ తేడా చాలా స్వల్పమైనదిగా కనిపిస్తుంది. నాకూ ఒకప్పుడు అట్లాగే కనిపించింది. అందువల్లనే చావడి పక్షాన చేయి ఎత్తి, ఒక పెద్దమనిషిని ఏడాదికి పైగా మూగవానిని చేశాను.

నా వ్యసనం పక్షులను చూడడం. 1974లో బ్యాంకు ఉద్యోగం నన్ను రత్నగిరి జిల్లాలోని ఒక చిన్న తాలూకా ఊరికి చేర్చింది. మెడలో దుర్భిణి వేసుకొని తోటల వెంట తిరుగుతున్న నన్ను చూచి కొందరు సర్వేశాఖ ఉద్యోగి అనుకొన్నారు. అప్పు తీసుకొన్నవారు ఒకరిద్దరు వసూలుకు వచ్చానని భయపడి గట్టు దిగి పోయినారు. పక్షిని గురించి మాటాడదామంటే మనిషి లేడు. ఆ రోజులలో నన్ను నిలబెట్టినది 'న్యూస్‌లెటర్ ఫర్ బర్డ్‌వాచర్స్' అనే చిన్న పత్రిక. జఫర్ ఫతేహల్లీ దానిని 1960లో ఆరంభించారు. తొలిరోజులలో సైక్లోస్టైలు చేసిన కాగితాలుగా అది కొద్దిమందికి నెలనెలా చేరేదట. నాకు అందే నాటికి దానిలో పండితులూ, నావంటి పామరులూ ఒకే పంక్తిలో కూర్చొని ఉండేవారు. జోరువానలో తపాలా జవాను గొడుగు చంకలో ఇరికించుకొని ఆ కవరు చేతికి ఇచ్చినప్పుడు, ఎవరో చుట్టం ఇంటికి వచ్చినట్లే ఉండేది.

దానిని చూచే మా జిల్లావారమూ, కనుమల అవతలివారమూ కలిసి తొమ్మిదిమందిమి 1978లో ఒక చుట్టుజాబును మొదలుపెట్టాము. దాని పద్ధతి ఇది. ఒక పెద్ద కవరులో తొమ్మిది ఉత్తరాలుంటవి. కవరు నా యింటికి వచ్చినప్పుడు అందరి ఉత్తరాలూ చదువుకొని, కిందటిసారి నేను వ్రాసినదానిని తీసివేసి, కొత్తది వ్రాసి పెట్టి, జాబితాలో నా తరువాతివానికి పంపుతాను. చుట్టు పూర్తి కావడానికి రెండు నెలలు పట్టేది. నేను అడిగిన ప్రశ్నకు ఎనిమిది సమాధానాలు ఒకేసారి వచ్చి నా ఒళ్ళో పడేవి. ఎవరికైనా కోపం వచ్చినా, వారి వంతు వచ్చేసరికి సగం చల్లారిపోయేది.

నా మొదటి ఉత్తరంలో పెరటి మామిడికొమ్మ మీద జాలెడేగను చూచానని ఘనంగా వ్రాశాను. చుట్టు తిరిగి వచ్చిన కవరులో, కనుమల మీది పల్లెలో బడిపంతులుగా ఉన్న ఒకరి చిన్న చీటీ ఉన్నది. ఆయనను మేమందరమూ గురూజీ అనేవారము. "మీరు చూచినది డేగ కావచ్చును. కాని ఈ నెలలో పావశా కూడా అట్లాగే కనిపిస్తుంది. ఒంటి చారలూ, ఎగిరే తీరూ అచ్చం డేగవే. చిన్న పక్షులు కూడా మోసపోతవి. ఈసారి ముక్కు చూడండి. డేగ ముక్కు కొక్కెంవలె వంగి ఉంటుంది" అని వ్రాశారు. పావశా కోకిల జాతిది. తొలకరికి ముందు అది చెట్టు మీదనుండి 'పేర్తే వ్హా' అని అరుస్తుందనీ, విత్తనాలు వేయండని దాని అర్థమనీ మహారాష్ట్ర రైతులు చెప్పుకొంటారు. మరునాడు ముక్కు చూచాను. వంకర లేదు. ఎనిమిదిమంది ముందు పరువు పోయిందని ఒక పూట బాధపడ్డాను గాని, ఆ చీటీలో ఎత్తిపొడుపు అనేది మచ్చుకైనా లేదు.

చావడిని తక్కువ చేసి మాటాడుతున్నానని అనుకోవద్దు. మరుసటి సంవత్సరం జిల్లా కేంద్రంలోని గ్రంథాలయం వారు ఒక గది ఇచ్చినారు. నెలకొక ఆదివారం అక్కడ కూడేవారము. బల్ల మీద ఒక రిజిస్టరు ఉంచాము. ఎవరు ఎప్పుడు వచ్చినా చాతకపక్షి పుట తిప్పితే అది ఏ ఏడు ఏ తేదీన ఎక్కడ తొలిసారి కనిపించినదో వరుసగా ఉండేది. చుట్టుజాబులో ఈ సౌకర్యం లేదు. పాత ఉత్తరాన్ని ఎవరిది వారు తీసివేసుకొంటారు గనుక, నిన్న చేరినవానికి మొన్నటి మాట తెలియదు. అయితే ఆ గదికి గురూజీ రెండే రెండు మారులు వచ్చినారు. రెండు బస్సులు మారి రావలెను. తిరుగు బస్సు నాలుగు గంటలకే వెళ్ళిపోతుంది.

ఈ చిక్కు మాతో మొదలైనది కాదు. 1883లో బొంబాయిలో ఎనిమిదిమంది కూడి ప్రకృతి చరిత్ర సంఘాన్ని స్థాపించినప్పుడు వారికి ఉన్నది చావడియే. మొదట మ్యూజియంలో నెలకొకసారి కూడేవారు. మరుసటి సంవత్సరం ఫిప్సన్ అనే సభ్యుడు ఫోర్బ్స్ వీథిలోని తన సారాయి వ్యాపారపు ఇంటిలో గదులు ఇచ్చినాడు. మనదేశంలో పక్షిశాస్త్రం పెరిగిన ఇండ్లలో ద్రాక్షసారాయి దుకాణం ఒకటి అని చెప్పుకొనడానికి మా గురూజీకి మహా సరదా. కాని అడవిశాఖవారూ, తోటల యజమానులూ, దూరపు కంటోన్మెంటులలో ఉన్న సైనికులూ ఆ గదికి ఎట్లా రాగలరు? 1886 జనవరిలో సంఘం తన పత్రికను ఆరంభించింది. గది కదలలేదు గనుక మాటకు కాళ్ళు వచ్చినవి. అంతకు నూరేండ్ల క్రిందట ఇంగ్లండులో సెల్‌బోర్న్ అనే పల్లెలో ఉన్న గిల్బర్టు వైటు అనే మతగురువుకు కూడా దిక్కు జాబులే. పెన్నంటుకూ, బారింగ్టనుకూ ఆయన వ్రాసిన ఉత్తరాలే 1789లో గ్రంథమైనవి. ఒకేవిధంగా కనిపించే మూడు చిన్న పక్షులను పాటనుబట్టి వేరుచేసినవాడు పొరుగున వినేవాడు లేక ఆ మాట కాగితానికి చెప్పుకొన్నాడు.

అయితే జాబు అందరికీ అందుతుందా? 1900 తరువాత ఎవరి కంటా పడని కలివికోడి 1986 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని కడప జిల్లాలో మళ్ళీ దొరికినప్పుడు మా చుట్టుజాబంతా దానితోనే నిండిపోయింది. బొంబాయి సంఘం పరిశోధకులకు దానిని పట్టి చూపినవాడు ఐతన్న అనే స్థానికుడు, పక్షులు పట్టేవాడు. అప్పుడు గురూజీ వ్రాసిన రెండు పంక్తులు నాకు గుర్తున్నవి: "పండితులు అంతరించిందేమో అనుకొంటూ ఉండగా ఆ అడవి అంచున నివసించేవారున్నారు. మన జాబు వారి గడప ముందునుండి వెళ్ళిపోయింది. మన చావడిలోకి వారిని ఎవరూ పిలవలేదు."

2001లో మా చుట్టుజాబు ఈమెయిలుగా మారింది. ఒకే చిరునామాకు వ్రాస్తే సభ్యులందరి పెట్టెలలోనూ పడుతుంది. తొమ్మిదిమందిమి పదేండ్లలో రెండువందలమందిమి అయినాము. గురూజీ ఊరిలో ఆ సదుపాయం లేదు. ఆయన కూతురు కొడుకు తాలూకా ఊరిలో చదువుకొంటూ ఉండేవాడు; శనివారంనాడు ఇంటర్నెట్టు దుకాణంలో తాతగారి పెట్టె తెరచి, వచ్చిన ఉత్తరాలన్నింటినీ అచ్చు తీయించి ఇంటికి తీసుకొని పోయేవాడు. గురూజీ పోస్టుకార్డు మీద జవాబు వ్రాసి ఇస్తే, సోమవారం దానిని టైపు చేసి పంపేవాడు. ఈ ఏర్పాటు నాకు తెలియదు. జవాబులు సోమవారాలలోనే వస్తున్నవని గమనించికూడా ఎందుకని అడగలేదు.

రెండువందలమందికి ఆ జాబు బరువైంది. తెల్లవారేసరికి నలభై ఉత్తరాలు. ఒకడు పుట్టినరోజు శుభాకాంక్షలు చెపితే ముప్ఫైమంది అందరికీ కృతజ్ఞతలు చెప్పేవారు. కొత్తవారు అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగేవారు, పాతవారు విసుక్కొనేవారు. 2012లో కొందరు యువకులు అంతర్జాలంలో చావడి కడదామన్నారు. గద్దలకు ఒక గది, నీటిపక్షులకు ఒక గది. కావలసినవాడు వచ్చి కావలసినది చదువుకొంటాడు, ఎవరి పెట్టే నిండదు. కార్యదర్శిగా నేను గట్టిగా సమర్థించాను. గ్రంథాలయపు రిజిస్టరు నా మనస్సులో ఉన్నది. వారి వాదంలో ఇప్పటికీ నాకు తప్పు కనిపించదు. చావడి అందంగానే ఉన్నది. ఇంతలో వలసపక్షులు వచ్చినవి, పోయినవి. ఒకనాడు చాతకం తేదీల పుట చూస్తూ, కనుమల తేదీ లేకపోవడం గమనించాను. అప్పటికి పదునాలుగు నెలలు గడచినవి.

కార్డు వ్రాశాను. ఆయన జవాబు వారంలోగా వచ్చింది. "చాలాకాలానికి వ్రాశారు. మనుమడు ప్రతి శనివారమూ పెట్టె తెరుస్తున్నాడు, ఏమీ ఉండటం లేదంటున్నాడు. అందరూ పనులలో ఉన్నారనుకొన్నాను. పక్షులు బాగున్నవి." చావడికి మారుతున్నామని చెప్పే ఉత్తరం ఆయనకు అందింది; కాని దానిలో ఉన్నది ఒక తలుపు గుర్తూ, ఒక తాళపుమాటా మాత్రమే. దుకాణంలో గంటకు ఇంత అని లెక్క కట్టే చోట కూర్చొని, తాతగారికి ఏది ఇష్టమో గదిగదికీ వెదకి అచ్చు తీయడం పిల్లవానికి సాధ్యమా? చావడి తలుపులు తీసియే ఉన్నవి. లోపలికి రమ్మని ప్రతివారమూ ఇంటికి వచ్చి పిలిచే మనిషి మాత్రం లేడు.

ఆనాటినుండి నెలకు నాలుగు పుటలు నేనే వ్రాసి ఆయనకు తపాలాలో పంపుతూ వచ్చాను. చావడిలో ఆ నెల జరిగిన మాటలలో ఆయనకు నచ్చగలవనుకొన్నవి ఏరేవాణ్ణి. ఆయన జవాబును చావడిలో ఎక్కించేవాణ్ణి. యువకులు ఆ జవాబుల కోసం ఎదురుచూచేవారు. కొందరు నేను కల్పించి వ్రాస్తున్నానని కూడా అనుమానించారు.

2020లో, మా పాత ఈమెయిళ్ళను దాచి ఉంచిన సంస్థ ఆ సేవను నిలిపివేసింది. ముందుగానే తెలియజేసింది, నేను ఆ ప్రకటనను చదివి, రేపు చూద్దామనుకొన్నాను. పదకొండేండ్ల సంభాషణ పోయింది. ఎవరి పెట్టెలలో ఏవి మిగిలినవో అడిగితే ముక్కలు ముక్కలుగా దొరికినవి. చివరకు గురూజీ ఇంటికి వెళ్ళాను. రోడ్డు వేశారు, ఒకే బస్సు చాలింది. ఆయన చూపు మందగించింది గాని చెవి చురుకుగానే ఉన్నది. మాటల మధ్య చేయి ఎత్తి నన్ను ఆపి, ఏదో కూత వినేవారు. గోడ అలమరలో శనివారపు కాగితాలన్నీ ఏడాదికొక కట్టగా, పంచె అంచు చింపిన పేలికలతో కట్టి ఉన్నవి. పుట్టినరోజు శుభాకాంక్షలతో సహా.

నేను నేలమీద కూర్చొని ఒక్కొక్కటే విప్పసాగాను. 2006వ సంవత్సరపు కట్టలో, సంఘంలో పెద్దవాడనైన గర్వంతో కొత్తవారి కోసం నేను జాలెడేగను గురించి వ్రాసిన పొడవైన ఉత్తరం కనిపించింది. దాని పక్కన పెన్సిలుతో సన్నని అక్షరాలున్నవి. ఆ జవాబు ఆయన ఎన్నడూ పంపలేదు. "ముక్కు చూచాడా?"