మూత తీసే వేళ

మా యింట్లో పిల్లల డబ్బాలు సర్దే పని నాది. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. పొద్దున ఏడు గంటలకల్లా డ్యూటీలో ఉండాలి. నాకు కాలేజీలో మొదటి క్లాసు పదింటికి గాని లేదు. తెలుగు ఎం.ఏ.లో ప్రబంధాలు ఉన్నాయి, ఛందస్సు ఉన్నది గాని, ఎనిమిది గంటలకు మూత పెట్టిన పెరుగన్నం పన్నెండున్నరకు ఎలా ఉంటుందో చెప్పే పేపరు ఒక్కటీ లేదు. ఆ చదువు నాకు మా పిల్లలే చెప్పారు. అమ్మాయి ఏడో తరగతి, అబ్బాయి మూడు.

డబ్బా సర్దే పెద్దలం మనం చూసేది మూత పెట్టే వేళ. పిల్లలు చూసేది మూత తీసే వేళ. ఈ రెంటికీ నడుమ నాలుగున్నర గంటల కాలమూ, బస్సు కుదుపులూ, ఎండా ఉన్నాయి. ఆపైన తినడానికి దొరికేది ఇరవై నిమిషాలు. అందులో చేతులు కడుక్కోవడానికి వరుసలో నిలబడేది అయిదు. వంట ఎంత బలమైనదైనా ఈ పరీక్షలో నెగ్గితేనే పిల్లల కడుపులోకి పోతుంది.

అందరికీ పనికివచ్చే సంగతులు కొన్ని చెబుతాను. పెరుగన్నంలో పెరుగు నిండా కలిపితే మధ్యాహ్నానికి పులుస్తుంది. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక్క చెంచాడు పెరుగు వేస్తే తినేవేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. దోసె గాని, చపాతీ గాని ఆవిరి పోకముందే మూత పెడితే చెమ్మపట్టి ముద్దవుతుంది. కొబ్బరి చట్నీ మా అనంతపురం ఎండలకు నిలవదు. ఇడ్లీకి నూనెతో కలిపిన కందిపొడి పట్టిస్తే నిలుస్తుంది. కూర విడిగా పెడితే ముట్టకుండానే తిరిగివస్తుంది. అదే తోటకూర వేయించి అన్నంలో కలిపేసి, పైన నిమ్మకాయ పిండితే డబ్బా ఖాళీ. ఆ పులుపు ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టడానికి గూడా సాయపడుతుంది. ఇది చిన్న విషయం కాదు సుమండీ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15–19 ఏండ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. మా అమ్మాయి ఆ వయసుకు ఎంతో దూరంలో లేదు.

అయితే మూత తీసే వేళ అన్నం పులిసిందా, దోసె మెత్తబడిందా అన్నంతమాత్రాన అయిపోదు. పక్కన ఎవరు కూర్చున్నారన్నది గూడా ఉంది.

కిందటి వర్షాకాలంలో ఒకనాడు అమ్మాయి డబ్బా నిండుగా తిరిగివచ్చింది. అందులో ఉన్నది మా అమ్మ చేసిన రాగిరొట్టె.

“బాగాలేదా తల్లీ?” అన్నాను.

“బాగానే ఉంటుంది నాన్నా. కాని నల్లగా ఉందిగా! పేడలా ఉందని అందరూ నవ్వారు. రేపట్నుంచి తెల్లటిది ఏదైనా పెట్టు.”

మా అమ్మ అక్కడే ఉంది. ఏమీ అనలేదు. డబ్బాలోని రొట్టె తీసుకుని తానే తిన్నది.

నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది; పాలిష్ పట్టిన బియ్యంలో అది పది దాటదు. ఈ లెక్క నేను అమ్మాయికి చెప్పలేదు. నలుగురు నవ్విన నవ్వుకు లెక్కలు ఏం జవాబు చెబుతాయి? 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ బడికి వెళ్లే పిల్లలు మా వీధిలోనూ ఉన్నారు. జావ రంగు చూసి ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నట్టు నేను వినలేదు. అందరి గ్లాసులోనూ అదే ఉంది గదా! మా పిల్లకు కష్టం కలిగించింది రొట్టె రంగు కంటె, ఆ రంగు రొట్టె తనొక్కతెకే ఉండడం.

పోతనగారి దశమ స్కంధంలో గోపబాలురు చల్దులు తినే ఘట్టం క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. వాళ్లంతా కృష్ణుడి చుట్టూ వలయంగా కూర్చుంటారు. ఎవరి మూట వారు దాచుకుని తినడం అక్కడ లేదు.

అమ్మాయికి స్నేహితురాళ్లు ముగ్గురు. వాళ్ల తల్లులు పొద్దున బస్సు దగ్గర కనిపిస్తారు. “బుధవారం నాడు నలుగురికీ రాగులతో చేసిందే పెడదామా అమ్మా?” అని అడిగాను. ఒకావిడ నవ్వి, “మా యింట్లో వారానికి మూడు రాత్రులు సంగటే సార్. బడికి పెడతానంటే మా పిల్ల ఒప్పుకోదు” అన్నది. తక్కిన యిద్దరిదీ అదే మాట. నాలుగిండ్లలోనూ ఉన్నదే, ఎవరి డబ్బాలోనూ లేదన్నమాట!

ఇప్పుడు బుధవారం నాడు ఒకరింటి నుంచి రాగిదోసె, ఒకరింటి నుంచి బెల్లం వేసిన రాగి ఉండలు, మరొకరింటి నుంచి రాగి ఇడ్లీ, మా యింటి నుంచి ఉల్లిపాయ రొట్టె వెడుతున్నాయి. ఎవరిది ఎవరు తింటున్నారో తెలియదు. డబ్బాలు మాత్రం ఖాళీగా వస్తున్నాయి. మంగళవారం రాత్రి మా అమ్మ, “ఎన్ని చేయాలే?” అని మనుమరాలిని అడుగుతుంది. ఒకటి చాలదట, నాలుగు కావాలట.

సంగటి మాత్రం ఇంకా బడి ముఖం చూడలేదు. చల్లారితే గట్టిపడే వస్తువు. దానికి డబ్బా తగదు గూడా. అది రాత్రిపూట మా యింట్లోనే, వేడివేడిగా, పప్పుతో.

మీ యింటి డబ్బా రేపు నిండుగా తిరిగివస్తే, వంటలో ఉప్పు చూసే ముందు, పక్కన ఎవరు కూర్చుంటారో పిల్లలను ఒకసారి అడిగి చూడండి.