ఇక్కడేనా అమ్మా?

శ్రావణమాసం పనులు మీద పడే రోజుల్లో మొదలైంది నాకీ బాధ. తెనాలిలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుట్టి బతుకుతున్నాను. ఆ సాయంత్రం కింద పడ్డ కత్తెర కోసం స్టూలు మీద నుంచే పక్కకి వంగాను. కుడి పిర్రలోంచి తొడ వెనగ్గా పిక్క దాకా, అక్కణ్ణుంచి పాదం మీదికి జివ్వుమని కరెంటు పాకింది. మిషను బల్ల పట్టుకుని వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. మా ఆయన వచ్చి లేవదీసేసరికి చెమటకి చీర ఒంటికి అంటుకుపోయింది.

ఆ తర్వాత మూడు నెలలు కూర్చోవడమే మర్చిపోయాను. వంటగట్టు మీద కంచం పెట్టుకుని నిలబడి తిన్నాను. దగ్గితే పిక్క దాకా లాగేసేది. తుమ్ము వచ్చేలా ఉంటే రెండు చేతులతో గోడ పట్టుకునేదాన్ని. రాత్రిళ్లు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని, ఎడమ పక్కకి తిరిగి గడియారం చూస్తూ ఉండేదాన్ని. కాలి బొటనవేలి పైన తిమ్మిరి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఆయుర్వేదంలో ఈ జబ్బుని గృధ్రసి అంటారు. గృధ్రం అంటే రాబందు. రాబందులా ఒక పక్కకి ఒరిగిపోయిన నా నడకని షాపు అద్దంలో చూసుకున్న రోజున ఏడుపొచ్చింది.

ఎమ్మారై తీయించాం. ఎల్‌4, ఎల్‌5 ఎముకల మధ్య డిస్కు ఉబ్బి నరం వేరుని ఒత్తుతోందన్నారు. ఆపరేషను ఇప్పుడే అక్కర్లేదు, చాలామందికి మెల్లగా తగ్గిపోతుంది అన్నారు డాక్టరుగారు. మంచి మాటే చెప్పారు. కానీ ప్రీగాబాలిన్ మాత్రలు వేసుకుంటే నాకు తల తిరిగి, సూదిలో దారం ఎక్కేది కాదు. కుట్టకపోతే ఇల్లు గడవదు. ఆ ఆత్రంలో, నరాలు సరిచేస్తానన్న ఒకతని దగ్గరికి వెళ్లాను. రిపోర్టు చూడలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. బోర్లా పడుకోబెట్టి, నడుం మీద మోకాలు ఆనించి కాలు మెలితిప్పాడు. నాలుగు రోజులు బాత్రూముకి కూడా పాకుతూ వెళ్లాను. నొప్పితో అల్లాడే మనిషి ఎవరేం చెప్పినా నమ్ముతుంది. అలాంటి ఒంటి మీద చెయ్యి వేసేవాళ్లకి కాస్త భయం ఉండాలి.

గుంటూరులో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి గురించి మా ఆడపడుచు చెప్పింది. రైల్లో తలుపు పక్కన నిలబడే వెళ్లాను. ఆ అమ్మాయికి మా పెద్దదాని వయసుంటుంది. వెంటనే చెయ్యి వెయ్యలేదు. "ఒంటికి, రెంటికి పట్టు తప్పుతోందా అమ్మా? కూర్చునే చోట మొద్దుబారిందా?" అని అడిగింది. మడమల మీద నడిపించింది. బొటనవేలు తన చేతికి ఎదురు పైకెత్తమంది. ఒంటికి రాకుండా ఆగినా, పాదం వేలాడిపోతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలట, అది చేతులతో నయమయ్యేది కాదట. నాకు ఆ రెండూ లేవు. వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంగకుండా కాలు పైకి లేపింది. ముప్పై డిగ్రీలకే కేక పెట్టాను.

అప్పుడు చెయ్యి వేసింది. పిర్ర మీద బొటనవేలితో తడుముకుంటూ వెళ్లి ఒక చోట ఆగి, "ఇక్కడేనా అమ్మా?" అంది. అక్కడ నొక్కితే పిక్కలో పలికింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు. మూడు నెలల్లో ఫిల్ములు చూశారు, కాయితాలు చూశారు. నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి వెతికిన మనిషి ఆ అమ్మాయే మొదలు.

సయాటిక్ నరం ఒంట్లో అన్నిటికన్నా లావుదట, ఇంచుమించు బొటనవేలంత. పిర్ర లోపల పిరిఫార్మిస్ అనే కండ కిందగా వస్తుంది. నడుము దగ్గర నరం రేగితే చుట్టూ కండలు బిగుసుకుంటాయి. పిర్ర కండల్లో ముడిపడ్డ చోట్లు కాలి కిందికి తమ నొప్పి తామే పంపుతాయి. అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నడుంనొప్పి చూసి, 1961లో వైట్‌హౌస్ డాక్టరైన జానెట్ ట్రావెల్ అనే ఆవిడ ఈ ముడుల మీద పెద్ద పుస్తకమే రాసిందని ఆ అమ్మాయి నొక్కుతూ నొక్కుతూ చెప్పింది.

"కండల చుట్టూ పల్చటి పొర ఉంటుందమ్మా, ఫేషియా అంటారు" అంది. "లైనింగులాగానా?" అన్నాను. అదే నాకు అర్థమైన పద్ధతి. లైనింగు ఒకచోట కురచైతే పైగుడ్డ ఇంకెక్కడో ముడత పడుతుంది. ముడత మీద ఎంత ఇస్త్రీ చేసినా పోదు.

నూనె రాయలేదు. జారితే పొర పట్టు దొరకదట. ముంజేయి వాల్చి, బరువు కొంచెం కొంచెంగా వదిలి, అలాగే ఆగేది. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. "పదికి ఎంత ఉందమ్మా?" అని అడిగేది. ఏడు దాటిందంటే తగ్గించేది. కాసేపటికి లోపల ఏదో తడిసిన గంజి బట్టలా మెత్తబడేది. ఇంటికొచ్చాక ఒక రోజంతా పచ్చి పుండులా ఉండేది, వేణ్ణీళ్ల కాపడం పెట్టుకునేదాన్ని. వారానికి రెండుసార్లు, మొత్తం ఎనిమిదిసార్లు వెళ్లాను. నాలుగోసారికి రైల్లో సంగం జాగర్లమూడి దాకా కూర్చోగలిగాను. ఎనిమిదోసారికి కాలు అరవై డిగ్రీలు లేచింది. బొటనవేలి తిమ్మిరి పోవడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది.

డిస్కుని ఆ చేతులు లోపలికి నెట్టలేదు. ఆ అమ్మాయీ అలా చెప్పలేదు. రోజులు గడవడమూ, ఆమె నేర్పిన వ్యాయామాలూ, పొద్దున్నే నడకా కూడా నన్ను బాగుచేశాయి. కానీ నడవగలనన్న ధైర్యం ఆ చేతుల నుంచే వచ్చింది. నొప్పి ఉన్న కాలుని నేను కదపడమే మానేశాను. కదిపినా ఏం కాదని ఆ బల్ల మీదే తెలుసుకున్నాను.

ఇప్పుడు స్టూలు తీసేసి వీపు ఆనే కుర్చీ వేసుకున్నాను. అరగంటకోసారి లేస్తాను. పెళ్లిళ్ల రోజుల్లో పని ఎక్కువైతే పిర్రలో ఆ ముడి మళ్లీ తగులుతుంది. ఎక్కడ, ఎంత బరువు పెట్టాలో ఆ అమ్మాయి మా ఆయనకి చూపించి పంపింది. ఆయన పొలం చేతులు మొద్దుగా ఉంటాయి, చోటు చప్పున దొరకదు. "ఇక్కడేనా?" అంటారు. "కాస్త కిందికి" అంటాను.