దారిని బట్టి దొంగ

పెదకూరపాడులో మా ఎరుకల పేట పిల్లలు ఏ కంప్యూటర్ కనపడినా అడిగే మాట ఒకటే: "అన్నా, దీంట్లో గేములొస్తాయా?" చదువుకు పనికొస్తుందా, ఉద్యోగం వస్తుందా అని అడిగేది పెద్దోళ్ళు. మేము పేటలో డిగ్రీ దాకా వచ్చిన నలుగురం. పత్తి తీతల్లో, మిరప కోతల్లో మిగిలిన డబ్బు పోగేసి, గుంటూరులో ఒక ఆఫీసువాళ్ళు వదిలించుకుంటున్న పాత కంప్యూటర్ ఒకటి ఏడు వేలకు కొన్నాం. ఆరో తరం ఐ5 ప్రాసెసర్, ఎనిమిది జీబీ ర్యామ్. దానికి రోగమేమీ లేదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంత పాత ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. అందుకని బాగా పనిచేస్తున్నదాన్ని పక్కన పడేశారు. మేము తెచ్చి లినక్స్ మింట్ ఎక్కించాం. దానికి ఎవరికీ పైసా కట్టక్కర్లేదు.

గేములొస్తాయా అన్న ప్రశ్నకు పదేళ్ళ కింద అయితే "రావులేరా" అనేవాళ్ళు. ఇప్పుడు "చాలావరకు వస్తాయి" అంటున్నాం. ఈ మార్పు ఎట్టా వచ్చిందో మా పేటవాళ్ళకు చెప్పడం తేలిక. మా ఇళ్ళలో ఎరుకల మాట ఉంది. పెద్దోళ్ళు కుర్రు బాస అంటారు. తట్టలు, బుట్టలు అమ్మడానికి బజారుకు పోతే అక్కడ తెలుగు. నాయనమ్మ ఇంట్లో ఒక మాట, గడప దాటితే ఒక మాట, తడుముకోకుండా మార్చేస్తుంది. లినక్స్‌లో వైన్ అనే ప్రోగ్రామ్ చేసే పని అదే. విండోస్ కోసం రాసిన గేము "ఫలానా ఫైలు తెరువు", "ఫలానా బొమ్మ గీయి" అని విండోస్ మాటలో అడుగుతుంది. వైన్ దాన్ని అప్పటికప్పుడు లినక్స్ మాటలోకి మార్చి పని జరిపిస్తుంది. లోపల విండోస్ ఉండదు, దొంగ కాపీ కూడా ఉండదు. ఈ పని 1993లోనే మొదలైంది. పాతికేళ్ళు కొందరు ఓపికస్తులు తీరిక దొరికినప్పుడల్లా దీన్ని మోసుకొచ్చారు.

గేములమ్మే స్టీమ్ అంగడి 2013 ఫిబ్రవరిలో లినక్స్‌కు వచ్చింది. కానీ అంగడి ఉంటే చాలదు, సరుకుండాలి. కంపెనీలు లినక్స్ కోసం విడిగా గేములు చేయలేదు. ఆడేవాళ్ళు లేరని కంపెనీలు రాలేదు, గేములు లేవని ఆడేవాళ్ళు రాలేదు. ఈ ముడి విప్పింది ప్రోటాన్. స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో వైన్‌ను, మరికొన్నిటిని కలిపి ఆ పేరుతో తన అంగడిలోనే పెట్టేసింది. అందులో డీఎక్స్‌వీకే అనే ముక్క ఒకటుంది. విండోస్ పద్ధతిలో గీసే బొమ్మల్ని లినక్స్‌కు తెలిసిన వల్కన్ పద్ధతిలోకి మారుస్తుంది. దాన్ని మొదలుపెట్టింది ఫిలిప్ రేబోలే. నియర్ ఆటోమేటా అనే గేమును లినక్స్‌లో ఆడుకోవాలని ఆయనకు కోరిక. ఎవరూ చేసిపెట్టేట్టు లేరు, తానే చేసుకున్నాడు. తర్వాత వాల్వ్ ఆయనకు ఆ పని మీదే డబ్బులిచ్చింది. ఆట మీద మోజుతో మొదలైన పని ఇంతమందికి అక్కరకొచ్చింది. "ఆటలతో చెడిపోతున్నారు" అనే మా బాబాయిలకు ఈ సంగతి రెండుసార్లు చెప్పాం. వాళ్ళకు ఎక్కలేదు.

వాల్వ్‌ది దానధర్మం అనుకోనక్కర్లేదు. 2012లో మైక్రోసాఫ్ట్ విండోస్ 8తో తన సొంత అంగడి పెట్టేసరికి, వాల్వ్ పెద్ద గేబ్ న్యూవెల్‌కు భయం పట్టుకుంది. పరాయివాడి స్థలంలో కొట్టు పెట్టుకున్నవాడి భయం అది. స్థలం గలవాడు ఎప్పుడైనా లేపేయొచ్చు. ఆ భయం ఎట్టా ఉంటుందో పట్టా లేని గుడిసెల్లో బతికినవాళ్ళం, మాకు తెలుసు. 2022 ఫిబ్రవరిలో స్టీమ్ డెక్ అని చేతిలో పట్టుకుని ఆడుకునే యంత్రం తెచ్చారు. దాని లోపల నడిచేది లినక్సే. అప్పటి నుంచి లెక్క మారింది. స్టీమ్ ప్రతి నెలా తీసే లెక్కలో లినక్స్ మీద ఆడేవాళ్ళు ప్రోటాన్ రాకముందు నూటికి ఒక్కరు కూడా లేరు. 2025 అక్టోబర్‌లో మొదటిసారి మూడు శాతం దాటారు. మూడు శాతమేనా అంటారు. జనాభా లెక్కల్లో చిన్న అంకెగా ఉండేవాళ్ళకు అది పెద్ద సంగతే.

(సెల్‌ఫోన్లలో ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది కూడా లినక్సే. కాబట్టి పేటలో బీజీఎంఐ ఆడే కుర్రాళ్ళంతా తెలియకుండానే లినక్స్ మీద ఆడుతున్నారని మాలో ఒకడి వాదన. మిగతా ముగ్గురం ఒప్పుకోవడం లేదు. ఫోనులో మనం మార్చగలిగింది ఏముంది?)

మా పాత డబ్బాలో ఇప్పుడు కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడుతుంది. దానికి ప్రోటాన్ కూడా అక్కర్లేదు, 2013 నుంచి సూటిగా లినక్స్‌లోనే ఉంది. సూపర్ టక్స్ కార్ట్ అని పెంగ్విన్ బొమ్మ బండి పందెం ఉంది, పూర్తిగా ఉచితం. దానికోసం పిల్లలు వరస కడతారు. పాత విండోస్ గేములు ప్రోటాన్ మీద సాఫీగా నడుస్తున్నాయి. కొత్తవి, బరువైనవి నడవవు. అది లినక్స్ తప్పు కాదు, గ్రాఫిక్ కార్డు లేకపోవడం.

కానీ ఎంత మంచి కార్డున్నా రానివి కొన్ని ఉన్నాయి. వాలరెంట్ రాదు, ఫోర్ట్‌నైట్ రాదు. ఎపెక్స్ లెజెండ్స్ అనే గేము అయితే రెండేళ్ళకు పైగా లినక్స్‌లో చక్కగా ఆడింది. 2024 అక్టోబర్ 31న ఆ కంపెనీ లినక్స్ మీద నుంచి వచ్చేవాళ్ళందరికీ తలుపేసింది. మోసం చేసే ప్రోగ్రాములు లినక్స్‌లో ఎక్కువ పుడుతున్నాయట, వాటిని కనిపెట్టడం కష్టమట. నిజాయితీగా ఆడేవాళ్ళూ ఉన్నారు గాని తక్కువమంది, మిగతావాళ్ళ మేలు కోసం తప్పలేదట.

ఈ సంగతి చెబితే తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అడిగాడు: "మనం దొంగాట ఆడలేదు గదన్నా, మననెందుకు ఆపాలి?"

ఆ ప్రశ్న మా పేటలో కొత్తది కాదు. 1871లో తెల్లవాళ్ళు నేరస్త జాతుల చట్టం చేశారు. 1911లో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలుగా రాసుకున్నారు. స్టూవర్టుపురం సెటిల్మెంటు అట్టా పుట్టిందే, 1913లో. నాయనమ్మ వాళ్ళ నాయన పేరు స్టేషన్ పుస్తకంలో ఉండేదట. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి, చెప్పిన పొద్దుకు తిరిగొచ్చి కనపడాలి. ఆయన ఏం దొంగిలించాడని ఎవరూ అడగలేదు. ఏ ఇంట్లో పుట్టాడో చూశారు, అంతే. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర కాగితం మీద పోయింది. మాలో ఒకడు చదివిన హాస్టల్లో గడియారం పోతే ముందు తెరిపించింది మావాడి పెట్టే. అది జరిగి పన్నెండేళ్ళు కాలేదు.

రెండూ ఒకటేనని మేము అనడం లేదు. గేము ఆపితే ఎవరి కడుపూ మాడదు, ఎవరి భార్యాబిడ్డల్నీ కంచె లోపల పెట్టరు. ఆటలో మోసగాళ్ళు ఉన్న మాటా నిజమే. గోడల అవతల మనిషి కనపడేట్టు చేసుకుని కాల్చేవాడితో ఆడటం ఎంత చిరాకో మాకూ తెలుసు. కానీ ఆలోచన నడిచే తీరు చూడండి. దొంగను పట్టడం కష్టం, కాబట్టి దొంగ వచ్చే దారిన వచ్చినోళ్ళందరినీ ఆపు. వాళ్ళు ఎట్టాగూ తక్కువమందే, నష్టం తక్కువ. ఈ లెక్కలో తక్కువమంది కావడమే నేరమైపోతుంది. కంపెనీకి వేరే దారి లేదా అంటే, ఉంది. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్ ఐ అనే కాపలా ప్రోగ్రాములు రెండూ 2021 నుంచే ప్రోటాన్‌తో కలిసి పనిచేయగలవు. ఒప్పుకోవాలా వద్దా అన్నది గేము చేసినవాళ్ళ ఇష్టం. వాల్వ్ వాళ్ళ కౌంటర్ స్ట్రైక్ 2 లినక్స్‌లోనే ఆడుతుంది. అందులో మోసం చేస్తూ దొరికినవాడి ఖాతాను ఆ ఆట నుంచి నిషేధిస్తారు. దొరికినవాడిదే.

అసలు వాళ్ళ అనుమానమంతా లినక్స్ తెరిచి ఉండటం మీద. ఎవరైనా లోపలికి చూడొచ్చు, మార్చుకోవచ్చు, అందుకని నమ్మలేరు. మేము దాన్ని ఇష్టపడేది అందుకే. టక్స్ పెయింట్ అని చిన్నపిల్లలు బొమ్మలేసుకునే ఆట ఒకటుంది. అందులో అచ్చుల్లాంటి బొమ్మలుంటాయి, నొక్కితే తెర మీద పడతాయి. మనకు కావలసిన బొమ్మనూ, దాని పక్కన శబ్దాన్నీ మనమే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవచ్చు. పిల్లలు బుట్ట, చేట, పంది, ఈత చెట్టు ఫోన్లో ఫొటోలు తీసుకొచ్చారు. వాటి పేర్లు ఎరుకల మాటలో నాయనమ్మ చేత పలికించాం. మా మాటకు లిపి లేదు, ఇక్కడ అది అడ్డం కాలేదు. పంది బొమ్మ నొక్కితే నాయనమ్మ గొంతు వస్తుంది. ఒకటో తరగతి పిల్లలు దాన్నే పదే పదే నొక్కుతారు. ఇంట్లో తెలుగే మాట్లాడే వాళ్ళ అమ్మలు కొందరు కూడా వచ్చి నొక్కి పోయారు.

ఇప్పటికి ఇరవై మూడు మాటలు ఎక్కాయి. బుట్టల్లోనే ఎనిమిది రకాలున్నాయట, ఒక్కోదానికి ఒక్కో పేరు. మిరప కోతలు అయ్యాక కూర్చుంటానంది నాయనమ్మ.